సరిత ప్రోగ్రాంలో నేను చెరిపిన గుర్తు

ఇన్నేళ్లూ నేను మోసిన బరువు ఒక సమానం గుర్తంత. నవ్వొస్తే నవ్వండి. ఎవరికో ఒకరికి చెప్పేస్తున్నాననే సరికి ఇవాళ నాకూ కొంచెం నవ్వే వస్తోంది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నేనూ సరితా వనపర్తిలో ఒక కంప్యూటర్ సెంటర్‌లో సి అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకున్నాం. నాది పాన్‌గల్. ఆమెది గద్వాల, చీరలు నేసే ఇల్లు. రోజూ పెబ్బేరులో బస్సు మారి వచ్చేది. సంత రోజైతే పశువుల మధ్య బస్సు ఇరుక్కుని ఆలస్యమయ్యేది. అయినా నాకంటే ముందు ఆమె ప్రోగ్రామే నడిచేది. ఆమె అంటే నాకు ఇష్టం. అసూయ కూడా. రెండూ ఒకే మనసులో ఎలా పడతాయని అడగకండి, హాయిగా పడతాయి.

చివరి ప్రాక్టికల్‌లో బాగా చేసిన ఒకరిని అక్కడే పాఠాలు చెప్పే పనికి పెట్టుకుంటామన్నారు సార్. ఇంట్లో ఇక మగ్గం మీద కూర్చోమంటున్నారని, తనకు ఈ పనొక్కటే దారని సరిత నాతోనే చెప్పుకుంది. ఆ పని నాకూ కావాలి.

ప్రశ్న తేలికే. ఒక పదంలో అడిగిన అక్షరం ఉందా, ఉంటే ఎక్కడ? మొదటి నుంచి ఒక్కో అక్షరం చూసుకుంటూ పోవాలి. ఇది అదేనా అని అడగాలంటే సి లో సమానం గుర్తు రెండుసార్లు కొట్టాలి. ఒక్కసారే కొడితే అది అడగడం కాదు, అక్కడున్న అక్షరాన్ని తీసేసి మనం వెతికేదాన్నే అక్కడ పెట్టేయడం. సరిత ప్రోగ్రాం ముగించి, సరిగ్గా వస్తోందని చూసుకుని, మంచినీళ్లకు వెళ్లింది. ఎగ్జామినర్ ఇంకా ముందు వరుసలోనే ఉన్నాడు. నేను పక్క కుర్చీలోంచి చెయ్యి చాపి ఒక గుర్తు చెరిపేశాను. తెలిసే చేశానా? తెలిసే. కోపంలోనా? కాదు, చాలా నిదానంగా.

ఎగ్జామినర్ ఇంగ్లిష్‌లో గద్వాల్ అని కొట్టి, అందులో జెడ్ వెతికించాడు. మొదటి అక్షరమే జెడ్ అని వచ్చింది. కింద ఊరి పేరు కూడా జద్వాల్ అయిపోయింది. ఆయన దాన్ని పైకి చదివి నవ్వాడు. గదంతా నవ్వింది. నేనూ నవ్వాను.

సాయంత్రం బస్టాండులో సరిత నా చెయ్యి పట్టుకుంది.

"నేను రెండు కొట్టిన. నువ్వు పక్కనే ఉంటివి గదనే, చూసినవా? జర సార్‌కు చెప్పు."

"నేను చూడలే," అన్నాను.

"అయితే నేనే తప్పు కొట్టిన గావచ్చు," అంది.

పని నాకొచ్చింది. ప్రతి బ్యాచ్‌లో ఎవరో ఒకరు ఆ గుర్తు ఒక్కటే పెట్టేవారు. ఇది అందరూ చేసే పొరపాటేనని ఓదార్చేదాన్ని, ఎంత మంచి టీచర్నో చూడండి. చాలా ఏళ్ల తర్వాత గద్వాలలో సరిత కనబడింది. తన చేతికి నిలకడ లేదని, అందుకే కంప్యూటర్ అచ్చిరాలేదని మామూలుగా చెప్పింది. మగ్గం మీద పోగు తప్పని చెయ్యి అది. పని లాక్కున్నందుకు నాకు నేను ఎలాగో సర్దిచెప్పుకున్నాను కానీ, తన కళ్లనే తాను నమ్మకుండా చేశానన్న సంగతి నన్ను నిద్రపోనివ్వలేదు. ఆ రోజైనా నోరు విప్పానా? టీ తాగి వచ్చేశాను.

క్షమించమని అడిగే ముఖం నాకు లేదు. అయినా ఇది రాస్తుంటే ఊపిరి తేలిగ్గా ఆడుతోంది, నిజం. బస్టాండులో నేను చెప్పాల్సిన మాట ఇంతే.

సరితా, నువ్వు రెండే కొట్టినవ్. నేను చూసిన.