అడుగుచెక్క చెప్పిన ధర

రేవులో పాత పడవ చేతులు మారాలంటే ముందు అందరూ టకటక అని పిలిచే పెద్దాయన రావాలి. ఆయన అసలు పేరు చాలామందికి తెలియదు. ముప్పై ఏళ్లుగా కొయ్యసుత్తితో పడవల పొట్టలు తట్టి వినడమే ఆయన పని. గట్టి చెక్క ఖంగుమంటుంది. పుచ్చినది తడిగుడ్డ మీద కొట్టినట్టు మూగగా పలుకుతుంది. అలాంటి చోట దబ్బనం గుచ్చి ఎంత లోతు దిగిందో చూస్తాడు. ఇంజను ఎన్నేళ్లు తిరిగిందో అడుగుతాడు. అలాంటి పడవలు ఈ మధ్య ఎంతకు పోయాయో గుర్తుచేసుకుని, అందులోంచి మరమ్మతు ఖర్చు తీసేస్తాడు. ఆయన చెప్పిన ధరకు అమ్మేవాడూ కొనేవాడూ మారు మాట్లాడరు. ఇంట్లో మంచాన్ని కూడా తట్టి చూడందే పడుకోడని భార్య ఎగతాళి చేస్తుంది.

ఆ రోజు తట్టాల్సింది సొంత చెల్లెలి పడవ. ఆమె భర్త పోయి ఏడాదైంది. అప్పటినుంచి ఆమె రొట్టెల దుకాణంలో పొద్దస్తమానం నిలబడి పనిచేస్తోంది. దుకాణం యజమాని ఊరు మారిపోతున్నాడు. నెలాఖరులోగా డబ్బు కడితే పొయ్యితో సహా నీకే వదిలేస్తానన్నాడు. ఆమె దగ్గర అమ్ముకోవడానికి ఉన్నది పడవ ఒక్కటే. ఒక జాలరి తన తమ్ముడితో కలిసి వేటకు వెళ్లడానికి దాన్ని అడిగాడు. టకటక ఎంతంటే అంత ఇస్తానన్నాడు.

పడవను ఒడ్డుకు లాగి దుంగల మీద నిలబెట్టారు. నీలం రంగు నిగనిగలాడుతోంది.

"మీ బావ ఏటా రంగు వేసేవారన్నయ్యా. ఒంట్లో బాగోకపోయినా మానలేదు" అంది చెల్లెలు. మా ఇంటి గోడలు కూడా ఈ భోగానికి నోచుకోలేదని జాలరి ముచ్చటపడ్డాడు.

టకటక పడవ ముక్కు దగ్గర మొదలుపెట్టాడు. నాలుగు చెక్కలు ఖంగుమన్నాయి. ఐదోది మూగగా పలికింది. ఆరోదీ అంతే. వంగి, పడవకు వెన్నెముకలాంటి అడుగు దూలంలో దబ్బనం గుచ్చాడు. అది పిడిదాకా దిగిపోయింది. గోరుతో గీరితే రంగు అట్టలుగా ఊడింది. నీలం కింద నీలం, దాని కింద మళ్లీ నీలం. పాత రంగు గీకేసి, చెక్కను బాగా ఎండనిచ్చి, అప్పుడు కొత్తది వేయాలి. బావకు పడవ వెలిసిపోయి కనబడితే మనసొప్పేది కాదు. చెమ్మ ఆరకముందే పూత మీద పూత వేస్తూ పోయాడు. తడి లోపలే ఉండిపోయి చెక్కను తినేసింది.

అన్న ముఖం చూసి చెల్లెలికి అర్థమైపోయింది. పక్కకు పిలిచింది.

"గట్టిగా ఉన్నచోటే తట్టి చూపించు అన్నయ్యా. నిన్ను అబద్ధం చెప్పమనట్లేదుగా."

"అందులో ఇద్దరు మనుషులు వెళ్తారమ్మా."

ఆమె పడవ వైపు తిరిగి, ఎందుకు పుచ్చిందని అడిగింది. ఉప్పునీళ్లు కదా, వయసైపోయింది అన్నాడాయన.

"పోయేముందు ఇంకో పూత వేయిద్దామన్నారు. ఇప్పుడెందుకులే అని నేనే ఆపాను. వేయించి ఉంటే నిలబడేదేమో."

నీ తప్పేం లేదని చెప్పాలంటే, పాడుచేసింది బావ చేతులేనని కూడా చెప్పాలి. ఆయన రెండూ చెప్పలేదు.

ఇంజనుకు ఒక ధర కట్టాడు. దుకాణానికి కావాల్సినదాంట్లో అది ఐదో వంతు కూడా కాదు. మిగతా పడవకు సున్నా, పైగా విరగ్గొట్టి తీసుకెళ్లేవాళ్లకు ఎదురు డబ్బు ఇచ్చుకోవాలి. జాలరి ఇంజను మాత్రం తీసుకున్నాడు. టకటక తన దగ్గరున్నది కూడా ఇస్తానన్నాడు కానీ, అదీ కలిపినా సగానికి రాదని ఇద్దరికీ తెలుసు.

నెల తిరిగేసరికి దుకాణం వేరేవాళ్ల చేతికి వెళ్లింది. వాళ్లు తమ మనుషుల్నే పనిలో పెట్టుకున్నారు. ఇప్పుడామె రేవు వెనక గిడ్డంగిలో చేపల పెట్టెలు కడుగుతోంది. ఏ రోజు కూలి ఆ రోజే. టకటక అటు వెళ్లి ఎలా ఉన్నావమ్మా అని అడిగితే, రేపు పిలుస్తారో లేదో తెలియదన్నయ్యా అంటుంది, తలెత్తకుండానే.