ఖాజావలి చెప్పిన వరస

నందిగామ శివార్లలోని ఆ మిర్చి కోల్డ్ స్టోరేజీలో ఖాజావలి ముప్ఫై ఏళ్ళుగా గుమస్తా. ఊరు జగ్గయ్యపేట. రోజూ పొద్దున్నే బస్సెక్కి వస్తాడు, చీకటి పడేలోగా వెళ్ళిపోతాడు. వీరులపాడు రైతెవరైనా వచ్చి తన బస్తాలెక్కడని అడిగితే రిజిస్టర్ తెరవడు. ఒక్క క్షణం కళ్ళు మూసి, "రెండో ఛాంబర్, తొమ్మిదో వరస, గోడ వైపు" అంటాడు. హమాలీ వెళ్ళి చూస్తే అక్కడే ఉంటాయి. రిజిస్టర్లో అన్నీ పొందికగా రాస్తాడు గానీ, అది ఆడిటర్ల కోసం. "చూసి చెప్పడానికైతే నేనెందుకయ్యా" అని నవ్వేవాడు. మనిషన్నాక ఏదో ఒకదాని మీద గర్వం ఉంటుంది. ఇతనికి జ్ఞాపకం మీద ఉండేది.

ఆ జ్ఞాపకం ఒక్కసారి తప్పింది. పందొమ్మిదేళ్ళ కిందట, ఒక ఏప్రిల్ మధ్యాహ్నం, సాంబయ్య అనే హమాలీ వచ్చి ఒక రైతు సరుకు ఎక్కడుందని అడిగాడు. సరుకు ఏడో వరసలో ఉంది. ఖాజావలి నాలుగు అన్నాడు. నాలుగో వరసలో అడుగు బస్తాలు చెమ్మకి మెత్తబడి ఉన్నాయని ఎవరికీ తెలియదు. సాంబయ్య ఒక బస్తా లాగగానే దొంతర మొత్తం అతని మీద కూలింది. బస్తాలు తీసేసరికి ప్రాణం లేదు.

విచారణకి వచ్చినవాళ్ళు రిజిస్టర్ తెరిచారు. ఏడో వరస అని ఉంది. మరి ఏడుకి పోవాల్సినవాడు నాలుగుకి ఎందుకు పోయాడు? తాగి ఉంటాడని ఎవరో అన్నారు, అందరూ తలూపారు. ఖాజావలి నోరు విప్పలేదు. ఆ రోజు చెప్పలేనిది మర్నాడు మరింత కష్టమైంది, ఏడాది తిరిగేసరికి ఇక చెప్పలేనిదే అయిపోయింది. తనేమీ అబద్ధమాడలేదు కదా అని సర్దిచెప్పుకున్నాడు. ఊరుకోవడం కూడా అబద్ధమేనని తెలియనంత అమాయకుడేం కాడు.

సాంబయ్య భార్య బేబికి అక్కడే ఊడ్చే పని ఇచ్చారు. సాంబయ్య పెళ్ళయిన కొత్తలో తాగేవాడు. కూతురు జాయిస్ పుట్టిన రోజున బైబిలు మీద చెయ్యేసి మానేశాడు. ఆ ఒట్టు తప్పి చచ్చాడని లోకం బేబికి చెప్పింది. ఏటా జ్ఞాపకార్థ కూడిక పెట్టమని పాస్టరుగారు అడిగేవారు. "దేవుడి పుస్తకం మీద ఒట్టేసి తప్పినోడికి ప్రార్థనెందుకండీ" అనేది ఆమె. ఆ మాట చెవిన పడిన రోజు ఖాజావలికి అన్నం సహించేది కాదు. అయినా తినేవాడు.

ఈ ఏడాది స్టోరేజీకి కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. దాన్ని పెట్టడానికి విజయవాడ నుంచి గీతాంజలి అనే అమ్మాయి వచ్చింది. ప్రతి ఛాంబర్‌కీ ప్రతి వరసకీ ఒక కోడ్ ఇచ్చింది, పాత రిజిస్టర్లన్నీ ఫొటోలు తీసి ఎక్కించింది. ఇకమీదట ఫోన్లో తెలుగులో అడిగితే చాలు, ఏఐ ఏజెంట్ ఆ జాబితాలో వెతికి సరుకెక్కడుందో చెబుతుంది. ఏజెంటనగానే రైతులకి మిర్చి యార్డులో కమీషను తినే దళారులు గుర్తొచ్చారు. "వీడికి కమీషనెంతమ్మా" అని అడిగారు. అందరూ నవ్వారు, ఖాజావలి నవ్వలేదు. పాత రిజిస్టర్లు కూడా ఎక్కిస్తున్నారని అప్పటికే విన్నాడు. అన్నీ తెలిసిన యంత్రమట. ఆ ఏప్రిల్ సంగతి కూడా బయటపెడుతుందేమోనని భయం.

గీతాంజలి పాత తేదీలు అడిగి దాన్ని పరీక్షిస్తున్న రోజున, బేబి చీపురు పట్టుకుని బల్ల దగ్గరికొచ్చింది.

"పాతయ్యి కూడా చెప్పుద్దా అమ్మా అది?"

"చెప్తుందండి. ఏం కావాలి?"

బేబి ఒక తేదీ చెప్పింది, ఒక రైతు పేరు చెప్పింది. ఆ ఏప్రిల్ మధ్యాహ్నం సాంబయ్య అడిగిన పేరే అది.

ఫోన్ మర్యాదగా పలికింది. "ఆ తేదీన ఆ సరుకు మొదటి ఛాంబర్, ఏడో వరసలో ఉందండి."

అంతే. యంత్రం అతన్ని పట్టివ్వలేదు. రిజిస్టర్లో ఉన్నదే చెప్పింది. ఎవరు ఎవరిని ఎటు పంపారో రిజిస్టర్లో ఉండదు మరి. ఖాజావలికి ప్రాణం లేచొచ్చింది. సంతోషం కూడా వేసింది. ఆ సంతోషానికి తర్వాత తనని తాను ఎన్నడూ క్షమించుకోలేదు.

బేబి తలూపింది. "అయితే ఏడే. ఆయన తాగలేదేమో, సరుకు నాలుగులోనే ఉందేమో, ఏడని తప్పు చెప్పారేమోనని ఏ మూలో అనుమానం ఉండేది గుమస్తాగారూ. మిషనే చెప్పాక ఇంకేముందిలెండి. తాగే పోయాడు."

ఆమె వెనక్కి తిరిగింది. నలుగురూ అన్నదాన్ని ఇన్నేళ్ళూ పూర్తిగా నమ్మని మనిషి ఇప్పుడు నమ్మేసింది. తను మాట్లాడకపోతే సాంబయ్య ఇక ఎప్పటికీ తాగుబోతే.

"బేబీ, ఆగమ్మా," అన్నాడు ఖాజావలి. "ఆ రోజు సాంబయ్య నన్నే అడిగాడు. ఏడు అనాల్సింది నాలుగు అన్నా. నేను పంపిన చోటికే పోయాడు. తప్పు నాది."

గీతాంజలి ఫోన్ బల్ల మీద పెట్టేసింది. బేబి చీపురు గోడకి ఆనించి అతని ముందుకొచ్చింది. కొడుతుందేమో అనుకున్నాడు ఖాజావలి. కొడితే బాగుండునని కూడా అనుకున్నాడు.

"వాసనేమన్నా వచ్చిందా ఆయన దగ్గర?" అని అడిగింది.

"లేదమ్మా. పక్కనే నిలబడి మాట్లాడాడు. ఏ వాసనా లేదు."

"ఆదివారం కూడిక పెట్టిస్తా. మీరొచ్చి ఈ మాట అందరి ముందరా చెప్పాలి."

"చెప్తా."

ఆ ఆదివారం ఖాజావలి నందిగామలో బస్సు దిగి చర్చికి నడిచాడు. హమాలీలూ వాళ్ళ ఆడవాళ్ళూ కూర్చుని ఉన్నారు. లేచి నిలబడి, ఏడు, నాలుగు, తేదీ, తన పేరు, అన్నీ చెప్పాడు. చెప్పి, వెనక వరసలో కూర్చున్నాడు.

తర్వాత పాస్టరుగారు సాక్ష్యం చెప్పమంటే బేబి లేచింది.

"ఆయన్ని ఇంటికి తెచ్చినప్పుడు ఒట్టు తప్పాడని కోపం వచ్చింది నాకు," అంది. "అటు తిరిగి కూర్చున్నా. అందరూ చూడమన్నారు. పెట్టె మూత వేసేదాకా నేనాయన మొహం చూళ్ళేదు."