మా తాతకు వచ్చిన ఉత్తరాలు

ఒమాన్ దేశంలోని నిజ్వాలో నేను కాలేజీ ప్రొఫెసర్‌గా పనిచేశాను. సరే, కాస్త పెంచాను. ఫిజిక్స్ ల్యాబులో పరికరాలు చూసుకునేవాణ్ణి. 2007లో మా కాలేజీకి ఇంగ్లీషు చెప్పడానికి ఒక అమెరికా ఆవిడ వచ్చింది. నల్లజాతి మనిషి, ఇంచుమించు నా ఈడుదే. మా ఎదురు ఫ్లాటే ఆవిడది. శుక్రవారం సెలవు కనక పొద్దున్నే టీకి పిలిచేది. ఆవిడ ఇంట్లో వంటా పనీ చూసుకునే కడప మనిషి మా ఇద్దరికీ టీ పెట్టి ఇచ్చేది.

అమెరికా ఆవిడ నాయనమ్మ నలుగురి ఇళ్ళలో బట్టలుతికి పిల్లల్ని చదివించిందట. ఆమె పోయాక కుటుంబమంతా కలిసి ఆమె పేరిట ఒక స్కాలర్‌షిప్ నిధి పెట్టుకున్నారు. మిగతా కాలేజీలు నల్లవాళ్ళను గడప తొక్కనివ్వని రోజుల్లో వాళ్ళకోసమే పుట్టిన కాలేజీలు అక్కడ ఉన్నాయి. వాటిలో చదివే పిల్లలకే ఆ సాయం. షరతు ఒక్కటే: సాయం అందుకున్నవాళ్ళు చనిపోయిన ఆ నాయనమ్మకే ఉత్తరం రాయాలి.

ఆ ఉత్తరాలు ఈమెయిల్లో వస్తే ఆవిడ ప్రింటు తీసుకుని చదివేది. "ప్రియమైన నాయనమ్మా, నేను నర్సింగు పాసయ్యాను" అని ఆవిడ వినిపిస్తుంటే, నాకు కడుపు మండిపోయేది. బతికున్న నాకు కరెంటు బిల్లు తప్ప ఏదీ రాదు. పోయిన ముసలమ్మకు ఇన్ని ఉత్తరాలా!

ఒక శుక్రవారం ఉండబట్టలేక అనేశాను. "మా తాత పేరుతో మాకూ ఒక నిధి ఉంది మేడమ్. వందలమంది చదువుకున్నారు."

"ఏమేం అయ్యారు వాళ్ళు?" అని ఆవిడ ముందుకు జరిగింది. ఇద్దరు డాక్టర్లనూ ఒక జడ్జినీ అక్కడికక్కడే పుట్టించాను. అది చాలక, గ్లాసులు తీస్తున్న కడప మనిషికి తెలుగులో ఇంకోసారి వినిపించాను.

నిజానికి మా తాత ఎవరినీ చదివించలేదు. మా నాన్నను ఐదో తరగతిలో బడి మాన్పించి గేదెలు కాయడానికి పెట్టాడు. నాన్న బతికినన్నాళ్ళూ ఆ మాట తలుచుకుని కుమిలిపోయాడు.

నెల తిరక్కుండానే, ఊరెళ్ళి తిరిగొచ్చిన ఒకామె చేత కడప నుంచి ఒక కవరు వచ్చింది. పనిమనిషి దాన్ని తెచ్చి నా చేతిలో పెట్టింది.

"మా పాప ఇంటర్ పాసైంది సార్. డిగ్రీలో చేరతానంటాంది. మీ తాతకు జాబు రాయమని చెప్పినా. సచ్చిపోయినోళ్ళకే రాయాలంట గదా!"

సాయం అందాక రాయాల్సిన ఉత్తరం ఆ పిల్ల ముందే రాసేసింది. "పూజ్యులైన తాతగారికి నమస్కారాలు. చేరడానికి ఇంక పది రోజులే ఉంది. మీరు చదువంటే ప్రాణం పెట్టేవారట..." అక్కడితో నా చూపు ఆగిపోయింది.

వారమంతా ఆవిడ తలుపు ముందు నుంచి దొంగలా నడిచాను. శుక్రవారం ఇద్దరి ముందూ నిలబడి, ముందు ఇంగ్లీషులో, తర్వాత తెలుగులో చెప్పాను. "నిధి లేదమ్మా. మా తాతకు చదువంటేనే గిట్టేది కాదు."

"నాకు ఎరికే సార్. ఇంగ్లీషులో ఒక జడ్జి ఉన్న్యాడు, తెలుగులో ఇద్దరైరి."

"మరి ఆ పిల్లచేత ఎందుకు రాయించావు?"

"జాబు సేతికొస్తే మీకే సిగ్గైతాదనుకున్యా."

నేను తర్జుమా చేసి చెప్తే అమెరికా ఆవిడ కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. "ఇంకేం, మొదలుపెట్టండి. పేరుంది, ఉత్తరం కూడా వచ్చేసింది."

గడువులోపలే ఆ పిల్ల ఫీజు కట్టాను. "పాపకు మాత్రం నిజం చెప్పొద్దు సార్" అంది తల్లి. "రాసేది మానుకుంటాది."

మూడేళ్ళూ కట్టాను. మూడేళ్ళూ ఉత్తరాలు వచ్చాయి. అన్నీ మా తాతకే. పాసైన సంగతీ ఆయనకే రాసింది. నాకు అడుగున ఒక్క వాక్యం: "ఇది మీకు చదివి వినిపించే సారుకు నమస్కారాలు." కూటికి గేదెల్ని తప్ప మనుషుల్ని నమ్మని ఆ ముసలాయనకు పూజ్యులు, నాకు నమస్కారాలు! ఇప్పటికీ ఆయనంటే నాకు కుళ్ళే.

ఆయనకు వినిపించానని ఆ పిల్లకు కబురు చేశాను. అదీ అబద్ధమే. ఆ ఉత్తరాలన్నీ మా నాన్న ఫొటో ముందు కూర్చుని చదివాను.