జాతర పిస్తోలులో రెండో కొలత

ఏళ్ల తరబడి గుండెల మీద బండలా ఉన్న మాట ఇది. మా ఇంటావిడకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

చిత్తూరు దగ్గర మా ఊళ్లో, జాతర రోజు గంగమ్మ ఊరేగింపు గుడి గడప దాటేటప్పుడు గాల్లోకి పిస్తోలు పేల్చడం ఆచారం. మా తాతల నాటి పిస్తోలు అది. గుండు ఉండదు, చప్పుడు కోసం మందు మాత్రమే. తూటాలు మా ఇంట్లోనే నింపుతాం. గొట్టం బాగా పాతబడిందని నాయన ఒక ఖాళీ తూటాను కోసి చిన్న కొలత చేసిపెట్టాడు. దానితో ఒక్కసారే పోయాలి, మించితే గొట్టం ఓర్చుకోదని చనిపోయేముందు కూడా చెప్పాడు.

నాకు తెలుసు. తెలిసే చేశాను.

ఒక ఏడాది జాతరలో మందు చెమ్మగిలి పిస్తోలు తుస్సుమంది. ఊరంతా నవ్వింది. "మీ పిస్తోలుకు జలుబు చేసినాదా అబ్బా?" అని టీ అంగడి దగ్గర ఏడాది పొడుగునా ఆటపట్టించారు. ఆ రోషంతో మరుసటి జాతరకు రెండో కొలత కూడా పోశాను. పోసి మునిరత్నం చేతికిచ్చాను. ఒక్కపొద్దు ఉండి పేల్చే వంతు వాళ్లింటిది. వాడు నా చిన్ననాటి స్నేహితుడు, బట్టలు కుట్టి బతికేవాడు. గొట్టం పగిలింది. కత్తెర పట్టే వేళ్లు పోయాయి.

ఆస్పత్రిలో వాడే అన్నాడు.

"ఒక్కపొద్దులో ఉండి పొద్దున రెండు గుక్కలు కల్లు తాగినానప్పా. అమ్మ ఊరకుంటాదా?"

నిజం నోటిదాకా వచ్చింది.

"మొక్కుకో. అన్నీ అమ్మే సూసుకుంటాది" అన్నాను.

ఛీ! ఎందుకన్నాను? పోలీసు కేసవుతుందనా? లైసెన్సు పోతుందనా? అలాగే సర్దిచెప్పుకుంటూ వచ్చాను ఇన్నాళ్లూ. కాదు. నాయన చెప్పిన కొలత కూడా చేతకాలేదని ఊరు మళ్లీ నవ్వుతుందని. ఒక మనిషి వేళ్లు పోయిన రోజున కూడా నాకు నా పరువే గుర్తొచ్చింది.

అప్పటినుంచి మునిరత్నం కల్లు ముట్టలేదు. ప్రతి జాతరకు కాలే నేల మీద గుడి చుట్టూ పొర్లుదండాలు పెడతాడు. చివర్లో చేయి పట్టి లేపేది నేనే. మొన్నటి జాతరలో లేచి, ఒంటి మట్టి దులుపుకుంటూ, అమ్మ కోపం ఇప్పటికైనా తగ్గిందంటావా అని నన్నే అడిగాడు.

అమ్మకు నీ మీద ఎన్నడూ కోపం లేదు మునిరత్నం. ఆ రెండో కొలత పోసింది నేను.

వాడి ముందు అనలేని మాట ఇక్కడ రాశాను. రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది. వాడు మాత్రం వచ్చే జాతరకు కూడా పొర్లుతాడు.