కిరాయింటి సంపెంగ

చందానగర్‌లో బస్సెక్కి నా పక్కన కూర్చున్న అమ్మాయి మెడలో ఐటీ కంపెనీ ట్యాగు, తలలో మల్లెలు, ఒళ్ళో నల్ల కవరులో సంపెంగ మొక్క. కాళ్ళ దగ్గర రెండు మందారాలు. కుదుపులకి ఆ ఆకులు చేతికి తగిలినప్పుడల్లా నాకు ఒళ్ళు మండింది.

అద్దె ఇళ్ళల్లో ఉన్నన్నాళ్ళూ, పరాయి నేలలో మొక్కలెందుకు, సొంతిల్లు కొన్నాక వేద్దాం అనుకున్నదాన్ని నేను. తీరా కొన్న ఇల్లు బాచుపల్లిలో, తొమ్మిదో అంతస్తులో.

అడగకూడదనుకుంటూనే అడిగాను. "ఎక్కడ కొన్నారండీ?"

"గీ హైవే మీది నర్సరీలనే అక్కా. ముంగట పూలతోని పెట్టినయి తీస్కోవద్దు, ఇంటికొచ్చినంక రాలిపోతయి. జర లోపలికి పోయి చూడాలె."

"సొంతిల్లా?"

"ఏడ సొంతిల్లు! కిరాయికుంటున్నం. వచ్చే ఎండకాలం ఖాళీ చేస్తం."

"మరి సంపెంగ పూయడానికి ఏళ్ళు పడుతుందిగా?"

"అయితేంది? మా తర్వాత వచ్చేటోళ్ళు పెట్టుకుంటరు." తలలో మల్లెల్ని తడుముకుని నవ్వింది. "మేం దిగేసరికే ఆ ఇంట్ల మల్లె చెట్టుండె. ఎవలు పెట్టిన్రో ఏమో, రోజూ నేనే తెంపుకుంటున్న."

ప్రగతి నగర్‌లో ఆమె దిగుతుంటే మందారాలు నేనే అందించాను. చేతికంటిన మట్టిని ఇంటికెళ్ళేదాకా దులుపుకోలేదు.

ఈపాటికి ఆ సంపెంగ పూస్తూ ఉంటుంది. ఆ ఇంట్లో ఇప్పుడు అద్దెకున్నది ఎవరో నాకు తెలియదు. కానీ బాల్కనీలో నిలబడి వాళ్ళని తలుచుకుంటే మాత్రం, ఇప్పటికీ కడుపు మండిపోతుంది.