పగవాడికి కట్టిన రుమాలు

గద్వాల నేతగాళ్ల వీధిలో నిలబడి "కురుమూర్తీ" అని పిలిస్తే నాలుగిళ్ల నుంచి నలుగురు బయటికి వచ్చేవారు. అందుకే మనవాణ్ణి అందరూ బ్యాకు కురుమూర్తి అనేవారు. ఫుట్‌బాల్ ఆటలో గోలు ముందర అడ్డం నిలబడేవాణ్ణి బ్యాకు అంటారని ఆ వీధి ముసలమ్మలకు కూడా తెలుసు. ఆదివారం సాయంత్రమైతే వీధి వీధంతా మైదానం దగ్గరే ఉండేది మరి. కురుమూర్తి చిన్నప్పుడు మిషను కాంపౌండులో స్నేహితుడు ఇస్రాయేలుతో కలిసి ఆట నేర్చాడు. బూటు ముఖం ఎరగడు. ఎంత జోరుగా వచ్చే బంతినైనా ఒట్టి కాలితోనే తిప్పికొట్టేవాడు.

మనిషి మంచివాడే. ఆకలన్నవాడికి తన కంచంలోది తీసి పెట్టే రకం. అయితే ఒక్క మాట మనసుకు తగిలిందా, ఇక దాన్ని చచ్చేదాకా మోసేవాడు. "నా మొగుడు పగను సంకనేసుకొని తిరుగుతడు, దానికి పాలు గూడ పడ్తడు" అని భార్య జమ్ములమ్మ ఇరుగుపొరుగుతో చెప్పి నవ్వేది. అందులో అబద్ధమేమీ లేదు.

ఆ పగ వెంకట్రాములు మీద. వనపర్తిలో ఒక నూనెమిల్లు సేటు సొంతంగా ఫుట్‌బాల్ టీము పెట్టి, దానికి మేనేజరుగా సికింద్రాబాదు నుంచి ఇతణ్ణి తెచ్చుకున్నాడు. నెత్తిన టోపీ, మెడలో ఈల, నోట్లో సిగరెట్టు, అదీ ఆయన వేషం. పెళ్లయిన కొత్తలో కురుమూర్తి వనపర్తికి ఆడటానికి పోతే, ఆట చూసి భుజం తట్టి, "మా టీముల చేరు, మిల్లుల నౌకరీ ఇప్పిస్త" అన్నాడు. కురుమూర్తి నమ్మాడు. నౌకరీ వచ్చాక మగ్గమెందుకని, తండ్రి ఇచ్చిపోయిన మగ్గాన్ని పక్కింటి సాయన్నకు అమ్మేసి, మూట కట్టుకుని వనపర్తి చేరాడు. అప్పటికే వెంకట్రాములు కర్నూలు నుంచి ఇంకో బ్యాకును తెచ్చుకున్నాడు. ఆ ముక్క చెప్పి పంపినా సరిపోయేది. అట్లా చెప్పలేదు. సేటు ముందర, ఆటగాళ్లందరి ముందర కురుమూర్తిని ఎగాదిగా చూసి, "మగ్గం గుంటల కూసునేటోనికి కాళ్లెక్కడియి? పో, పోయి చీరలు నేసుకో" అన్నాడు. అందరూ పడీ పడీ నవ్వారు. కురుమూర్తి అదే మూటతో తిరిగొచ్చి, సాయన్న ఇంట్లో, నిన్నటిదాకా తనదైన మగ్గం మీదే కూలికి కూర్చున్నాడు.

ఆనాటి నుంచి అతనికి ఒక్కటే కోరిక. నలుగురిలో తన తల వంగినట్టే వెంకట్రాములు తల కూడా నలుగురిలో వంగాలి. వంగిన ఆ ముఖాన్ని తాను దగ్గర నిలబడి చూడాలి.

ఏళ్లు గడిచాయి. రెండో ప్రపంచ లడాయి వచ్చింది. నూలుకు కంట్రోలు పెట్టారు, జనానికి కట్టుబట్ట కరువైంది. నూనె ధర మాత్రం పైపైకి పోయి సేటు పెట్టె నిండింది. ఆ డబ్బంతా వెంకట్రాములు టీము మీద నీళ్లలా పోయించాడు. బళ్లారి నుంచి ఇద్దరు, బెంగుళూరు నుంచి ఇద్దరు, ఎక్కడ ఎవడు బాగా తంతాడంటే వాణ్ణి కొనుక్కొచ్చాడు. అయినా ఆ టీము వరసగా ఓడిపోతూనే ఉంది.

గద్వాలకు ఇంతకంటే పండుగ ఏముంటుంది? పొద్దున్నే నేతగాళ్లు వీధి పొడవునా పడుగు నూలును సాగదీసి కట్టి, గంజి పట్టించి, కుంచెలతో దువ్వుతారు. అటు నలుగురు, ఇటు నలుగురు నిలబడాల్సిన పని అది. చేతులు ఖాళీ ఉండవు గానీ నోళ్లు ఖాళీనే. వనపర్తి టీము బతుకంతా ఆ పడుగు దగ్గరే చీల్చి చెండాడేవారు.

"పూటకో కోడి అట, శేర్లకు శేర్లు పాలట," అన్నాడు నర్సింహ. గద్వాల టీములో గోలు కొట్టేవాడు అతనే. "ఆటగాండ్లను మేపుతుండా, పొట్టేండ్లను మేపుతుండా?"

"ఒకని మాట ఒకనికి తెల్వదు," అన్నాడు ఇస్రాయేలు. "అందరికీ కొత్త బూట్లు తెప్పిచ్చిండు. మొన్న ఒకడు గట్టిగ తంతే బంతి ఈడ్నే ఉంది, బూటు పోయి గోల్ల పడ్డది."

వీధంతా ఘొల్లుమంది. సాయన్న పెద్దమనిషి, ఊరికే నోరు విప్పడు. ఆయన కూడా గంజి చేతులు దులుపుకుంటూ, "అంగట్ల అన్నీ ఉన్నయి, అల్లుని నోట్ల శని ఉన్నది," అన్నాడు.

"ఇగ మేనేజర్ పనైపోయింది," అన్నాడు నర్సింహ. "మా బామ్మర్ది మిల్లులనే పనిచేస్తడు. వచ్చే ఆయితారం మన చేతుల ఓడితే తీసి పారేస్తనని సేటు అన్నడట."

అందరూ సంబరపడ్డారు. కురుమూర్తి ఒక్కడే కుంచె ఆపి నిలబడ్డాడు.

"తీసేస్తే మనకేం లాభం?" అన్నాడు. "రైలెక్కి సికింద్రాబాద్ పోతడు. సేటు పీనాసోడు, నా పని సాగనియ్యలే అని చెప్పుకొని బతుకుతడు. నాకు గట్ల వద్దు. వాడు ఆడ్నే ఉండాలె. ఉండి ఓడాలె. ఊరూరికీ తిరిగి ఓడాలె. చిన్న పోరగాండ్లు గూడ వాన్ని చూసి నవ్వాలె. అప్పుడు సేటే మెడ పట్టి నూకాలె."

"సేటు నీ మాట ఇంటడా?" అన్నాడు ఇస్రాయేలు.

"అంగట్ల ముసలెద్దును అమ్మ తెచ్చినోని దగ్గరికి పోయి, మస్తుందే ఎద్దు, మాకియ్యి మాకియ్యి అంటే ఏం జేస్తడు? మల్ల ఇంటికి తోలుకపోతడు," అన్నాడు కురుమూర్తి.

ఆ వారమంతా కూలి పని ముగించుకుని, సాయన్నను అడిగి అదే మగ్గం మీద ఒక రుమాలు నేశాడు. తలకు చుట్టుకునే రుమాలు, రెండు వైపులా జరీ అంచు. నూలు, జరీ ఎక్కడివి? జమ్ములమ్మకు ఒక్క మంచి చీరైనా నేసిపెడదామని ఆ కరువులో కొంచెం కొంచెంగా దాచినవి. జమ్ములమ్మ అది చూసి అగ్గయింది.

"నా చీర తెంపి వానికి రుమాలు నేస్తున్నవా? వానికేమన్న పెండ్లి జేస్తున్నవా?"

"పెండ్లి కాదే, దినాలు జేస్తున్న," అన్నాడు కురుమూర్తి.

అనుకున్నట్టే ఆదివారం వనపర్తిలో గద్వాల గెలిచింది. సేటు కుర్చీలో ముఖం మాడ్చుకుని కూర్చున్నాడు. వెంకట్రాములు ఆయన పక్కన ఈల నలుపుతూ నిలబడ్డాడు. అప్పుడు కురుమూర్తి, ఒళ్లంతా దుమ్ముతో, రుమాలు రెండు చేతుల్లో పట్టుకుని జనం మధ్యలోంచి నడిచొచ్చి సేటుకు దండం పెట్టాడు.

"సేటూ, గెలిచినం గని మా పానాలు పొయ్యి వచ్చినయి," అన్నాడు అందరికీ వినపడేట్టు. "గిసుంటి మేనేజర్ మాకుంటే పట్నం దాక పోయి ఆడేటోళ్లం. మీకు అక్కర లేకుంటే మాకియ్యండి. మా ఊరోళ్లందరు నెత్తిన పెట్టుకొని చూసుకుంటం."

సేటు కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. ఊరి జనం ఆయన వైపే చూస్తున్నారు. తన వస్తువును గద్వాలవాళ్లు అడగడమా?

"నా మేనేజర్‌ను మీకిస్తనా?" అని మీసం దువ్వాడు. "మీరు అడిగినందుకు ఈయనకు జీతం పెంచుతున్న. ఇంకో ఏడు ఈడ్నే ఉంటడు."

చప్పట్లు మోగాయి. కురుమూర్తి తన చేతులతోనే వెంకట్రాములు టోపీ తీసి రుమాలు చుట్టాడు. కళ్లలో కోపం కనపడకుండా చూపు దించుకుని కడుతుంటే, చూసినవాళ్లు అది భక్తి అనుకున్నారు. వెంకట్రాములు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏడవరా ఏడవరా, ముందుంది నీకు అనుకున్నాడు కురుమూర్తి.

ఆ ఏడు అతను అనుకున్నదంతా జరిగింది. పెరిగిన జీతం చూసుకుని వెంకట్రాములు ఇంకా రెచ్చిపోయి ఖర్చు పెట్టించాడు. ఆటగాళ్లకు పరుపులు తెప్పించాడు, ప్రయాణాలకు మోటారు మాట్లాడాడు. ఆ మోటారెక్కి ఎక్కడెక్కడికో పోయి ఓడి వచ్చారు. నాగర్‌కర్నూల్‌లో ఓడారు. అలంపురంలో గుడి పూజారుల పిల్లలు కచ్చె బిగించి ఆడి వాళ్లను ఓడించి పంపారు. ఒక్కో కబురు వచ్చినప్పుడల్లా కురుమూర్తి వీధిలో పిల్లలకు బెల్లం పంచాడు. ఇస్రాయేలు జాలిపడి, "పాపం, చాలు తీయన్నా," అంటే అతనితో రెండ్రోజులు మాట్లాడలేదు.

చివరికి సేటుకు కళ్లు తెరుచుకున్నాయి. టీమునే ఎత్తేశాడు, మేనేజరును పొమ్మన్నాడు. పెట్టె సర్దుకుని రైల్లో గద్వాలకు వస్తున్నాడని, అక్కడ దిగి మోటారెక్కుతాడని నర్సింహ బామ్మర్ది కబురు పంపాడు.

కురుమూర్తి ఆ రోజు మగ్గం ముట్టలేదు. తలంటుకుని ఉతికిన ధోవతి కట్టుకున్నాడు. ఇన్నేళ్లు మనసులో నానబెట్టిన తిట్టు ఒకటుంది, దాన్ని దారి పొడవునా నోట్లోనే మెదుపుకుంటూ, ఇస్రాయేలును, నర్సింహను వెంటబెట్టుకుని స్టేషను బయట మోటారు ఆగేచోట నిలబడ్డాడు.

వెంకట్రాములు కూలీ నెత్తిన పెట్టె పెట్టించి బయటికి వచ్చాడు. అతని తలకు జరీ అంచు రుమాలు చుట్టి ఉంది. వీళ్లను చూడగానే ముఖం వెలిగిపోయింది.

"అరె, గద్వాలోళ్లు! నన్ను సాగనంపనీకి వచ్చిన్రా?" అని వచ్చి కురుమూర్తిని కావలించుకున్నాడు.

కురుమూర్తి విడిపించుకున్నాడు. "సేటు తీసేసిండని విన్నం," అన్నాడు, చుట్టూ ఉన్నవాళ్లకు వినపడేట్టు.

"తీసేస్తే తీసేసిండు తీ. రాయచూరుల పత్తిమిల్లోళ్లు పిలిచిన్రు. ఆడికే పోతున్న. టీమూ పెద్దదే, జీతమూ పెద్దదే."

"గన్ని ఆటలు ఓడినవు, ఎట్ల పిలిచిన్రు?" అన్నాడు నర్సింహ ఉండబట్టలేక.

"ఎన్ని గెలిచినవని వాళ్లు అడగనే లేదు. పగోళ్లు రుమాలు కట్టిన మేనేజర్‌వు నువ్వేనా అని అడిగిన్రు. నేనే అన్న. అంతే," అని వెంకట్రాములు రుమాలు సవరించుకున్నాడు. "అంత నీ చలవనే తమ్మీ."

కురుమూర్తి ఒక అడుగు ముందుకు వేశాడు.

"నన్ను గుర్తువట్టినవా, మేనేజర్ సాబ్?"

"ఎట్ల మరుస్త? రుమాలు కట్టినోనివి కదా."

"అంతకుముందు?"

వెంకట్రాములు నొసలు ముడిచి ఆలోచించాడు. నటన కాదు, నిజంగానే ఆలోచించాడు. "అంతకుముందు నిన్ను యాడ జూసిన?" అన్నాడు.

ఇన్నేళ్లు కురుమూర్తి తిండి మానుకుని, భార్య చీర మానుకుని మోసిన బరువును, నెత్తిన పెట్టినవాడు పెట్టిన సంగతే ఎరగడు. ఈలోగా మోటారువాడు కేకేశాడు. పెట్రోలు దొరక్క బొగ్గుతో నడిపే మోటారు అది. వెనకాల పొయ్యి రాజేస్తే, దడదడమని ఊరంతా అదిరేట్టు కదిలింది. వెంకట్రాములు కిటికీ దగ్గర కూర్చున్నాడు.

అప్పుడు వచ్చింది కురుమూర్తికి నోరు. మోటారు వెంట పరుగెత్తాడు. బ్యాకుగా ఆడేటప్పుడు కూడా అంత జోరుగా ఉరకలేదు. పొగలో దగ్గుతూ, నానబెట్టిన ఆ తిట్టును అమ్మ నుంచి మొదలుపెట్టి ఏడు తరాల దాకా, ఒక్క ముక్క మిగల్చకుండా తిట్టాడు. ఆ దడదడలో ఒక్క ముక్కా మోటారులోకి పోలేదు. వెంకట్రాములు కిటికీలోంచి తల బయటికి పెట్టి, ఇంత అభిమానమా అన్నట్టు చూసి, చెయ్యి రుమాలు దాకా ఎత్తి సలాం చేశాడు. మోటారులోని జనం కూడా చేతులూపారు.

ఇంటికి వచ్చేసరికి పొద్దు గూకింది. జమ్ములమ్మ గడపలో కూర్చుని ఎదురుచూస్తోంది. ఆమె పాత చీరకు మోకాలి దగ్గర కొత్తగా ఇంకో మాసిక పడింది.

"జూసినవా వాని మొగం?" అంది.

"జూసిన."

"ఎట్లుంది?"

కురుమూర్తి ముఖానికంటిన బొగ్గు మసిని చేత్తో తుడుచుకున్నాడు. తుడిచిన కొద్దీ అది ఇంకా పాకింది.

"రుమాలు మంచిగ కుదిరిందే వానికి," అన్నాడు.