తెగిన చెవి ఎలుకకు తోడు

దయ్యాలంటే నాకు మొదట్నుంచీ నవ్వే. వేలూరులో ఒక పరిశోధనశాలలో ఎలుకలకు మేత వేసి, పంజరాలు కడిగే పని నాది. రోజూ చావులు చూసేవాడికి దయ్యాల భయమేమిటి?

మా దగ్గర కొన్ని ఎలుకలను ఒక్కొక్కదాన్నే విడిగా పెడతారు. ఒంటరిగా ఉంటే మెదడులో రసాయనాలు ఎట్లా మారతాయో, తిండి ఎట్లా మారుతుందో చూడటానికి. పొద్దున్నే మిగిలిన మేత తూచేది నేనే. కొన్ని తెగ తింటాయి. చెవి సగం తెగిన ఒక ఆడ ఎలుక మాత్రం మేత ముట్టడం మానేసింది.

అదే రోజుల్లో గుడియాత్తంలో మా మేనత్త కూడా చిక్కిపోతోంది. టీబీ వచ్చిందని కొడుకు, అంటే మా బావ, ఆమెను మిద్దె మీద గదిలో పెట్టాడు. మేస్త్రీ కదా, గది తనే కట్టాడు. జబ్బు నయమైంది, ఇక ఎవరికీ అంటదని డాక్టరు చెప్పినా కిందికి దింపలేదు. కంచం మెట్ల మీద పెట్టి వచ్చేస్తారు.

ఆదివారం చూడ్డానికి వెళ్ళాను. అత్త నన్ను చూడగానే, "ఆ తెగిన చెవి ఎలుక తినిందా నాయనా? తనియా, ఒక్కతే ఉంటే దానికి కూడు దిగదు" అంది. ఆ ఎలుక సంగతి నేను ఎవరికీ చెప్పలేదు.

కిందికొచ్చి, అత్తను మీతోపాటు కూర్చోబెట్టుకుని తినండి అని బావతో అన్నాను. బావకు కోపమొచ్చింది.

"ఏం తక్కువ చేసినామప్పా? వేళకు సాపాటు పైకే పోతా ఉండాది గదా!"

పరిశోధనశాలలో మా పెద్ద సారూ ఇంతే, ఎలుక తినడం లేదంటే మేత నిండుగా ఉందిగా అంటాడు.

మర్నాడు సారుకు తెలియకుండా ఆ పంజరంలో ఇంకో ఆడ ఎలుకను వదిలాను. కాసేపు వాసన చూసుకుని, రెండూ పక్కపక్కనే కూర్చుని తిన్నాయి. మధ్యాహ్నం బావ ఫోన్ చేశాడు.

"అమ్మ పైనుంచి కేకేసి మళ్ళీ అన్నం అడిగిందప్పా. పక్కన ఎవరో కూచోని తింటా ఉండారంట. ముసిల్దానికి మతి పోయినట్టుండాది."

సాయంత్రం సారు చూశాడు. ప్రయోగం పాడు చేశావని తిట్టి, రెండో ఎలుకను తీయించేశాడు. ఆ రాత్రి నుంచి అత్త మెతుకు ముట్టలేదు. వారం తిరక్కుండానే పోయింది. ఆ పొద్దునే ఎలుకా బిగుసుకుపోయి ఉంది.

అత్తకూ ఆ ఎలుకకూ ఏమిటి సంబంధమో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ రోజు అత్త పక్కన కూర్చున్నదెవరో అసలే తెలియదు. కర్మాంతరం నాడు బావనడిగాను, ఎవరో ఉన్నారని ఆమె అన్నప్పుడు ఎవరైనా పైకెళ్ళి చూశారా అని.

ఎవరూ మెట్లెక్కలేదట.